ఎర్ర గుర్తు లేని కొంగలు

ఈ ప్రయాణం జరిగి మూడేళ్లు దాటింది. ఇంటికి వచ్చిన వారంలోనే రాయవలసింది. అప్పుడు రాయకపోవడానికి తీరిక లేకపోవడం కారణం కాదు, రాయడం రాకపోవడమే కారణం. మా కురబలకోటలో నా ఈడు ఆడవాళ్లలో చాలామందికి రాదు. అందువల్ల నాకు అదొక లోటుగా కూడా తోచేది కాదు. గొర్రెల వెనక తిరిగేదానికి అక్షరాలతో పనేముంది అనుకునేదాన్ని. ఆ తర్వాత మా వీధిలో సాయంత్రం పూట ఆడవాళ్లకు చదువు చెప్పడం మొదలైంది. మొదట కరెంటు బిల్లు చదివాను, బాధ కలిగింది. తర్వాత బస్సు బోర్డులు చదివాను. ఆ తర్వాత పెళ్లి పత్రికలు చదివి, ఎవరి పేరు వేయకుండా వదిలేశారో కనిపెట్టి ఇద్దరు చుట్టాలకు తగవు పెట్టాను. చదవడం అయింది కాబట్టి ఇప్పుడు రాయడం.

ఇందులో చెప్పే ధరలు అప్పటివి. ఈ కాగితం పట్టుకుని హోటలు వాళ్లతో గొడవకు పోవద్దు. బస్సులో ఆడవాళ్లకు టికెట్టు కూడా అప్పట్లో ఉండేది. మేమే తొందరపడి ముందు వెళ్లాం.

మదనపల్లె

నేను బొమ్మలు వేయడం నేర్చుకున్నది గొర్రెల మీద. మేత దగ్గర మందలు కలిసిపోతే ఎవరివి వాళ్లు విడదీసుకోవాలి కదా, అందుకని జీవాల మీద రంగు గుర్తు పెడతాం. మాది కుడి తుంటి మీద అరచెయ్యంత ఎరుపు. మా చిన్నమామ వాళ్లది మెడ మీద అడ్డగీత. ఇంకొకరి గుర్తును మన చేత్తో పెట్టడం మాత్రం తగదు. అలా పెడితే దొంగతనం కిందే లెక్క, నలుగురిలో నిలబెట్టి అడుగుతారు. ఇన్నేళ్లూ తన్నే గొర్రె మీద గీత గీసినదానికి తన్నని గోడ ఒక కష్టమా? మా వీధి అంగన్‌వాడీ గోడ మీద నెమలిని వేశాను. పిల్లలు దాన్ని కోడి అంటారు. పెద్దవాళ్లు మర్యాదకు నెమలి అంటారు.

ఆ నెమలిని చూసి మెచ్చుకున్నది రమణమ్మ ఒక్కతే. ఆమెది నెల్లూరు వైపు సముద్రం పక్క పల్లె. పెళ్లయి కుప్పం వచ్చి అక్కడ మెస్సు నడుపుతోంది. మదనపల్లెలో ఏదో పెళ్లికి వచ్చి, మా ఆడబిడ్డ మునెమ్మ దగ్గర రవికె బిగుతు వదులు చేయించుకుంటూ, ఫోన్‌లో నా నెమలిని చూసిందట. మునెమ్మ మదనపల్లెలో టైలరు. ఆమె నోరు మిషను కన్నా జోరుగా నడుస్తుంది, దారం కూడా తెగదు.

రమణమ్మ మెస్సు వంటగది కిటికీకి ఎదురుగా పక్కింటి పెద్ద గోడ ఒకటి ఉంది. ఆ గోడ ఆమెది కాదు, ఆ ఇంటి యజమాని నంజుండప్పది. దాని మీద తన పుట్టింటి వైపు తిరిగే కొంగలను వేయించుకోవాలని ఆమె కోరిక. అయితే గోడ రోడ్డు మీదికి బాగా కనిపిస్తుందని ఒక సిమెంటు కంపెనీ వాళ్లు కూడా దాన్ని అడిగారు. తమ ప్రకటన వేయనిస్తే ఇల్లంతా ఉచితంగా రంగు వేసి పెడతామన్నారు. నంజుండప్ప మంచివాడే కానీ ఉచితం అన్న మాటకు కరిగే మనిషి. చివరికి, "బొమ్మ నచ్చితే ఉంచుతా, లేకుంటే సిమెంటే" అని గడువు పెట్టాడు. నా బొమ్మ కుదరకపోతే రమణమ్మ ఇక జీవితాంతం సిమెంటు బస్తాను చూస్తూ పప్పు తాలింపు పెట్టుకోవాలి. నాకైతే అది మా వీధి దాటి దొరికిన మొదటి గోడ.

నేనూ మునెమ్మా మదనపల్లె బస్టాండులో ముప్పై రూపాయలకు ఇడ్లీలు తిని కుప్పం వైపు బస్సెక్కాం. మా వెనక సీటాయన ఫోన్‌లో టమాటా రేటు విని, "అట్లయితే కొయ్యొద్దని సెప్పు" అన్నాడు. కాసేపటికి ఇంకో ఫోను వచ్చింది. "అట్లయితే ఇబ్బుడే కొయ్యి" అన్నాడు. పుంగనూరు చేరేలోపు ఆ పొలంలోని కూలీలు ఎన్నిసార్లు తట్టలు ఎత్తి దించారో పాపం.

చెరువు

రమణమ్మ తన ఊరి నుంచి తెప్పించి పంపిన ఫోటోలు మునెమ్మ ఫోన్‌లో ఉన్నాయి. ఎవరో పడవలో నుంచి దూరంగా తీసినవి. ఎక్కడ చూసినా నీళ్లు, నీళ్లలో తెల్ల చుక్కలు.

"ఇదిగో వదినా, ఇది కొంగ" అంది మునెమ్మ.

"అది కొంగని నాకూ తెలుసులే. దాని మోకాలు యాడ మడుస్తాదో సూపించు."

"అది నిలబడుకోనుండాది వదినా. నువ్వే కూర్సోమని సెప్పు, నీ మాటింటాదేమో."

"సూడకుండా వేస్తే అంగన్‌వాడీ కోడి మాదిరే అయితాది మునెమ్మా. గోడ పోతాది."

మా గొడవ విని కండక్టరు తొంగి చూశాడు. "ఇయ్యా? వీటి కోసరం ఫోన్‌లో యాల కండ్లు సెడగొట్టుకుంటారమ్మా? ముందర చెరువులో నిజమైనవే దిగుండాయి. వానలు బాగా పడి నీళ్లొచ్చినాయి కదా, సముద్రం పక్కనుంచి వచ్చేసినాయి" అని, పుంగనూరు ఇంకా ముందుండగానే ఒక చెరువుకట్ట దగ్గర మమ్మల్ని దింపేశాడు. ముందు ఊరి దాకా టికెట్టు తీసుకుని మధ్యలో దిగినందుకు మునెమ్మ నన్ను కట్ట చివరిదాకా తిట్టింది. కట్ట ఎక్కాక నోరు మూసుకుంది. ఆమెను నోరు మూయించిన పక్షులకు నేను ఆ రోజే దండం పెట్టాను.

చెరువు నిండా అవే. తెల్లని ఒళ్లు, నల్లని రెక్కలు, ఎద మీద నల్లని పట్టీ, కాళ్లు గులాబీ రంగు. ముఖం నారింజ తొక్క రంగులో బోడిగా ఉంది, పొడవైన పసుపు ముక్కు కొన దగ్గర కాస్త కిందికి వంగింది. అవి చేపను కంటితో వెతకడం లేదు. ముక్కును కొంచెం తెరిచి నీళ్లలో ఉంచి, ఒక కాలితో బురదను కెలుకుతూ నడుస్తున్నాయి. చేప తనంతట తానే వచ్చి నోట్లో పడాలి. మా ఇంట్లో మగవాళ్లు అన్నానికి కూర్చునే పద్ధతి కూడా ఇదే. మోకాలు నేననుకున్నట్టు ముందుకు మడతపడలేదు, వెనక్కి మడతపడింది. ఒక కొంగ ఉన్నట్టుండి ఆ పొడవు కాళ్లను మడిచి గట్టు మీద చతికిలబడింది. అచ్చం చాప మడిచినట్టుంది. వాటికి కాస్త ఎడంగా నాలుగు గూడబాతులు, ముక్కు కింద సంచి వేలాడేసుకుని, సంతలో సరుకులు కొన్న ఆడవాళ్లలా బరువుగా ఈదుతున్నాయి.

అప్పుడు చూశాను. కొంగలకు తోక దగ్గర, రెక్క ముడిచే చోట, ఎరుపు. ఎర్రమన్నులో చెయ్యి ముంచి తట్టినట్టు. ఒకదానికీ రెండిటికీ కాదు, దాదాపు అన్నిటికీ ఒకే చోట. కొన్నిటికి మాత్రం లేదు. అవి మట్టిరంగులో, కాస్త మాసినట్టు ఉన్నాయి.

ఎవరో గుర్తు పెట్టారు అనుకున్నాను. ఇది చదివి నవ్వేవాళ్లు నవ్వుకోండి. వరి కోతలయ్యాక మా వైపు బాతుల మందలను కర్రలు పట్టి తోలుకొచ్చే మనుషులున్నారు. బాతులకు మనిషి ఉన్నప్పుడు కొంగలకు ఉండకూడదా?

కట్ట మీద ఒకాయన వడిసెల తిప్పుతూ కొంగల మీదికి రాళ్లు విసురుతున్నాడు. పేరు సిద్దప్పట. చెరువులో చేపలు గుత్తకు తీసుకున్నాయన పెట్టిన కాపలాదారు.

"ఎవురివప్పా ఈ కొంగలు?" అని అడిగాను.

అతను నన్ను చూశాడు, చెరువును చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. "ఎవురివంటే?"

"గుర్తు పెట్టుండారు కదప్పా, తోక కాడ. ఎవురి మంద అని అడగతాండా."

సిద్దప్ప వడిసెలను భుజాన వేసుకున్నాడు. ముఖంలో ఒక్క గీత కదలలేదు. "మా గుత్తదారువమ్మా. ఎర్ర గుర్తుండేటివన్నీ ఆయనవే. ఆ మాసిన రంగువి, గుర్తు లేనివి ఉండాయి సూడు, అయి గవర్నమెంటువి."

"మీ గుత్తదారువే అయితే రాళ్లేసి తోలతాండావు యాల?"

"పొద్దన్నుంచి మేస్తానే ఉండాయి కదమ్మా. ఇంగ సాలు, ఇండ్లకు పొమ్మంటాండా."

పద్ధతైన సమాధానమే అనిపించింది. మందకు కూడా మేత అతి అయితే మంచిది కాదు. మునెమ్మ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చేపల నీచు వాసనకు అనుకున్నాను.

ఎండ నడినెత్తి దాటేదాకా అక్కడే కూర్చున్నాను. రాసుకోవడం రాదు కాబట్టి లేచి వాటిలాగే నడిచి చూశాను. ఒంట్లోకి ఎక్కించుకుంటే మరిచిపోను. సిద్దప్ప ఆ కాసేపు రాళ్లు వేయడం మానేసి నన్నే చూశాడు. ఆ పూట కొంగలు నా పేరు చెప్పుకుని కడుపునిండా తిన్నాయి.

పుంగనూరు

పుంగనూరులో సంగటి, ఊరుబిండి పచ్చడి తిన్నాం. మా ఇంట్లో ఊరుబిండిలో వేరుశనగ పప్పులు పంటికి తగిలేలా దంచుతాం. అక్కడ గంధంలా నూరారు. "పండ్లు లేనోళ్ల ఊరేమో" అంది మునెమ్మ. హోటలావిడకు ఆ మాట వినబడి, నవ్వి, తన పళ్లన్నీ చూపించి, ఇంకో గరిటె వడ్డించింది. డబ్బులు మాత్రం ఆ గరిటెకు కూడా వేసింది.

ఈ ఊరి పొట్టి ఆవులు పేరున్నవి కదా. ఒక అంగడి ముందు కట్టేసి ఉంటే చూడబోయాం. మా పొట్టేలు దాని పక్కన నిలబడితే అన్న అని పిలిపించుకుంటుంది. ధర అడిగితే అంగడాయన లక్షల్లో చెప్పాడు. "కొంటావా వదినా?" అంది మునెమ్మ. "ఆ డబ్బుతో నీకే ఇంకోసారి పెండ్లి చెయ్యొచ్చు" అన్నాను. ఆవుతో ఫోటో దిగడానికి జనం వరసలో నిలబడి ఉన్నారు. ఆవు ముఖం చూస్తే దానికి ఇదంతా ఎప్పుడో విసుగెత్తినట్టుంది.

కుప్పం

కుప్పంలో అన్నం తెలుగులో అడిగి, నీళ్లు తమిళంలో అడిగి, బేరం కన్నడంలో ఆడతారు. తిట్లు మాత్రం ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే, తర్జుమా చేయకుండా వాడతారు.

రమణమ్మ మమ్మల్ని చూడగానే చేపల పులుసు పెట్టింది. పచ్చిమామిడి ముక్కలు వేసిన పులుసు. మా ఇంట్లో చెరువు చేపను కారం పట్టించి వేయించడమే తెలుసు. మొదటి ముద్దకు నాకు పులుపు నెత్తికెక్కింది. రెండో ముద్దకు అలవాటైంది. మూడోసారి వడ్డించేటప్పుడు వద్దనలేదు.

నంజుండప్ప పొద్దున సాయంత్రం ఆ మెస్సులోనే తింటాడు. భార్య లేదు. వయసు డెబ్బై పైమాటే. నన్ను చూసి, "సిమెంటోళ్లు ఇల్లంతా ఊరికే రంగేస్తామంటాండారు. మీ కొంగలేమిస్తాయమ్మా?" అన్నాడు.

"రెట్టలేస్తాయి పెదనాయనా, మీరు అడిగితే" అంది రమణమ్మ వంటగదిలోంచి.

ఆయన నవ్వకుండా తన షరతు చెప్పాడు. "ముక్కులన్నీ ఇంటి పక్కకే తిరిగుండాల. రోడ్డు పక్క తిరిగితే ఇంట్లో ఉండే లక్ష్మి బస్సెక్కి పోతాది." మా వైపు ఈ పట్టింపు ఏనుగులకే ఉంది, కొంగలకు లేదు. అయినా గోడ ఆయనది, లక్ష్మి కూడా ఆయనదే. సరే అన్నాను. "ఆవలెల్లుండి పొద్దున సిమెంటాయన ఫోన్ చేస్తాడు. అప్పుటికి నాకు తెలిసిపోవాల" అని చెయ్యి కడుక్కున్నాడు.

గోడ

రెండు రోజులు పట్టింది. వచ్చినంతవరకు చేశాను. ఒక కొంగ నీళ్లలో ముక్కు తెరుచుకుని నడుస్తోంది, ఒకటి రెక్క విప్పుతోంది, ఒకటి చాప మడిచినట్టు గట్టున కూర్చుంది. మూలన ఒక గూడబాతు. వంటగది కిటికీకి దగ్గరగా మట్టిరంగు కొంగ ఒకటి, సిద్దప్ప లెక్కలో గవర్నమెంటుది. నడిచే కొంగ కాలి దగ్గర చెయ్యి ఆగిపోయింది. అప్పుడు మునెమ్మ చీర మోకాళ్ల దాకా ఎత్తి కట్టి, కొంగలాగా నడిచి చూపించింది. రోడ్డు మీద ఒక ఆటో ఆగింది. "ఏం సూస్తాండావు? నీ ఇంట్లో ఆడోళ్లు నడవరా?" అని మునెమ్మ కొంగ నడక ఆపకుండానే అడిగింది. ఆటో వెళ్లిపోయింది.

ఎరుపు వేయలేదు. వేయకూడదు కదా. గుత్తదారు గుర్తును నేనెలా వేస్తాను? జీవం రంగు వేరు, మనిషి పెట్టిన గుర్తు వేరు. నేను కొంగను వేశాను, కొంగ యజమానిని కాదు.

రెండో రోజు సాయంత్రం నంజుండప్ప వచ్చి, చేతులు వెనక కట్టుకుని, గోడ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు.

"కాళ్లు బాగుండాయి. ముక్కులన్నీ సరిగ్గానే తిరిగుండాయి. కానీ ఇయి మా మడిలో తిరిగే కొక్కెరలే కదమ్మా? రోంత లావైనాయి, అంతే. రోజూ సూసేదాన్ని గోడ మీద యాల? రేపు పొద్దున వెల్తురులో ఇంగొక తూరి సూస్తా" అని వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు ఇంటి వైపు చూశాడు. ఏ గదికి ఏ రంగు వేయించాలో అనుకుంటున్నాడని ఆ చూపే చెప్పింది.

రమణమ్మ గరిటె పట్టుకునే బయటికి వచ్చింది. చాలాసేపు చూసి, "అక్కా, ఎరుపు చివరికేస్తావేమోనని నిన్నటినించీ చూస్తుండా. ఏదీ?" అంది.

చెప్పాను. మంద సంగతి, గుర్తు సంగతి, గుత్తదారు, గవర్నమెంటు, ఇంకొకరి గుర్తు మనం పెట్టకూడదన్న సంగతి, అన్నీ మర్యాదగా, ఆమెకు అర్థమయ్యేలా చెప్పాను. రమణమ్మ గరిటె అరుగు మీద పెట్టింది. తర్వాత తాను కూడా అరుగు మీద కూర్చుంది. తర్వాత పొట్ట పట్టుకుంది.

"నీకు తెలుసా?" అని మునెమ్మను అడిగాను.

"ఆయప్ప సెప్పిన కాడే తెలుసు వదినా. నువ్వు పెద్దమనిషితో అంత మర్యాదగా మాట్లాడతాంటే మధ్యలో దూరేది బాగుండదని ఊరుకుంటి. ఇంత దూరమొచ్చి ఎరుపు లేకుండా నిలబడతావని నాకేం తెలుసు?"

రమణమ్మ కళ్లు తుడుచుకుంది. "అది ఎవురి గుర్తూ కాదక్కా. కొంగదే. పిల్లప్పుడు ఉండదు. అట్టా మట్టిరంగులోనే ఉంటాయి, పెద్దయ్యాక తెలుపొస్తుంది, ఎరుపొస్తుంది. మావూళ్లో వీటిని మందలంటే ఊరుకోరు. కాన్పుకు పుట్టింటికొచ్చిన ఆడపిల్లలంటారు. చెట్టు మీద గూడు పెడితే ఆ చెట్టు కొమ్మ కూడా ఇరవనియ్యరు. నేను పుట్టింటికి పోతే మా వదినన్నా ముఖం ముడుస్తుందేమో గానీ, వాటిని చూసి ఎవురూ ముడవరు." గోడ వైపు తిరిగి, "ఇవి కావక్కా నేనడిగింది. ఎరుపు లేకుంటే మావి కావు" అంది. ఇప్పుడు నవ్వడం లేదు.

వెల్తురు ఇంకా కాస్త ఉంది. ఎరుపు డబ్బా తెరిచి కుంచెతో ఒక కొంగకు పెట్టాను. గాయమైనట్టు కనిపించింది. తుడిచేశాను. ఎరుపులో తెలుపు కలిపాను. "ఇంకొంచెం" అంది రమణమ్మ. మళ్లీ కలిపాను. వంటగదిలోంచి ఎర్ర ఉల్లిపాయ తెచ్చి, పైపొర తీసి లోపలి పొర చూపించింది. ఆ రంగు వచ్చేదాకా కలిపాను. కుంచె పక్కన పెట్టి, అరచెయ్యి రంగులో అద్ది, గొర్రె తుంటి మీద తట్టినట్టు కాకుండా, దాన్ని నిమిరినట్టు వేళ్లను తోక వైపుకు లాగాను. మొదటిదానికి పెట్టేటప్పుడు చెయ్యి వెనక్కి పోయింది. ఎవరైనా వచ్చి ఇది నీదా అని అడుగుతారేమోనని నిజంగానే రోడ్డు వైపు చూశాను. తర్వాతవాటికి వరసగా పెట్టుకుంటూ పోయాను. చీకటి పడుతున్నకొద్దీ తొందరపడ్డాను. రాత్రి అన్నానికి వచ్చిన నంజుండప్పకు రమణమ్మ ఈ ఎరుపు సంగతి, తన ఊరి ఆడపిల్లల సంగతి వడ్డిస్తూనే చెప్పింది.

మరుసటి రోజు పొద్దున

మరుసటి రోజు ఎవరూ లేవకముందే గోడ దగ్గరికి వెళ్లాను. ఎండ వాలుగా పడుతోంది. కొంగలు బాగున్నాయి. నా బొమ్మను నేనే మెచ్చుకోకూడదు కాబట్టి ఇంతటితో ఆపుతాను. కానీ రాత్రి తొందరలో కిటికీ పక్కనున్న మట్టిరంగు పిల్లకొంగకు కూడా ఎరుపు పెట్టేశాను. పాపం, పెద్దవాళ్ల నగలు పెట్టుకున్న పసిదానిలా నిలబడి ఉంది. మట్టిరంగు కలిపి, నిచ్చెన వేసుకుని దాని మీద పూయడం మొదలుపెట్టాను.

నంజుండప్ప టీ గ్లాసు పట్టుకుని వచ్చాడు. ముందు నన్ను చూశాడు.

"రేత్రి పెట్టిందాన్ని పొద్దున తీసేస్తాండావే?"

"ఇది పిల్లకొంగప్పా. దీనికింకా రాలేదు."

"ఎబ్బుడొస్తాది?"

"దానికి వచ్చినబ్బుడొస్తాదిలేప్పా. తొందరేముండాది?"

ఆయన టీ తాగకుండానే ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. వంటగది కిటికీలో రమణమ్మ పిండి కలపడం ఆపి నిలబడి ఉంది. పక్కన మునెమ్మ, ఈ ప్రయాణంలో రెండోసారి నోరు మూసుకుని నిలబడి ఉంది. అప్పుడే ఆయన జేబులో ఫోను మోగింది.

"ఆ, సెప్పప్పా. గోడా? గోడ ఖాళీ లేదప్పా." అవతల ఏమన్నారో విన్నాడు. "కొంగలుండాయి." మళ్లీ విన్నాడు. "అయి ఖాళీ సెయ్యవప్పా. ఆడపిల్లలంట." ఫోను జేబులో పెట్టుకుని, చల్లారిన టీ ఇచ్చావని రమణమ్మతో తగవు పెట్టుకున్నాడు.

నేను పిల్లకొంగ రెక్క మీద ఎరుపు కనబడకుండా ఇంకో పూత వేసి, నిచ్చెన దిగాను.